నెల్లూరు నుంచి కోవూరుకి: ఊళ్లోంచా, హైవే మీదనా?

వేదాయపాళెం వాసి

వచ్చే గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి కోవూరులో మా మేనమామ కూతురి నిశ్చితార్థం. మేం నెల్లూరు దక్షిణం కొసన ఉన్న వేదాయపాళెం నుంచి బయల్దేరాలి. కారులో అమ్మ, నాన్న, అవ్వ. తాంబూలాల పళ్లేలు, పూల బుట్టలు అన్నీ మా బండిలోనే. నడిపేది నేను. లైసెన్స్ వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ఊరి మధ్యలోంచి పోయే ట్రంకు రోడ్డు పట్టుకుని, ఆత్మకూరు బస్టాండు మీదుగా పోయి పెన్న దాటుదామని నాన్న. అయ్యప్పగుడి దగ్గర హైవే ఎక్కేస్తే కళ్లు మూసుకుని పోవచ్చని బావ. కళ్లు తెరుచుకునే పోతాను గానీ, ఏ దారి మేలో చెప్పండి. అవ్వకి మోకాళ్ల నొప్పులు, కారులో ఎక్కువసేపు కూర్చోలేదు. కార్తీక మాసం కదా, వాన భయం కూడా ఉంది.

పెన్నగట్టు

ఇందులో అడగడానికేముంది తమ్ముడూ, హైవే. పొద్దున ఎనిమిది దాటాక ట్రంకు రోడ్డు మీదికి కారు తీసుకెళ్లడం కోరి కష్టం తెచ్చుకోవడమే. స్కూలు బస్సులు, షేర్ ఆటోలు, కొట్ల ముందు సరుకు దించే ట్రాలీలు. వీఆర్సీ సెంటర్ నుంచి నర్తకి సెంటర్ దాకా క్లచ్ తొక్కీ తొక్కీ కొత్త డ్రైవర్‌కి కాలు పట్టేస్తుంది. హైవే మీద దూరం కాస్త ఎక్కువైతే అయింది, గేరు మార్చే పని ఉండదు.

పాత ఫియట్

నేను మీ నాన్నగారి పార్టీ. పెన్నగట్టు గారు చెప్పిన ఇబ్బందులన్నీ నిజమే. కానీ ఊళ్లో ఇరవై స్పీడులో ఏమైనా అయితే బంపర్‌కి గీత పడుతుంది, అంతే. హైవే మీద ఎనభైలో అయితే సంగతి వేరు. అది మామూలు రోడ్డు కాదు, చెన్నై నుంచి కోల్‌కతా పోయే రోడ్డు. కృష్ణపట్నం పోర్టు లారీలూ దాని మీదికే వస్తాయి. అలాంటి రోడ్డు మీద ఏడాది నిండని డ్రైవర్, వెనక సీట్లో పెద్దావిడ. ఇంత దగ్గరి ఊరికి ఈ సాహసం దేనికి?

అంచనా రావు

ఇప్పుడే మ్యాప్ తీసి చూశాను. రెండు దారులకీ తేడా ఆరు నిమిషాలు. దీనికోసమా ఇంత చర్చ?

పెన్నగట్టు

రావు గారూ, మీరు చూసింది ఎప్పుడు? రాత్రి పదకొండుకి. ఆ టైములో ట్రంకు రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరుంటారు? ‘బయల్దేరే సమయం’ దగ్గర గురువారం ఉదయం ఎనిమిది పెట్టి చూడండి. అప్పుడు అది ఒకే అంకె చెప్పదు, ఇన్ని నిమిషాల నుంచి ఇన్ని నిమిషాలు అని చెబుతుంది. చూడాల్సింది ఆ రెండో అంకె. ముహూర్తానికి పోయేవాళ్లకి మామూలుగా ఎంత పడుతుందన్నది అనవసరం. బాగా ఆలస్యమైతే ఎంత పడుతుంది అన్నదే కావాలి.

వేదాయపాళెం వాసి

తమ్ముణ్ని కాదన్నా, చెల్లెల్ని :) మీరు చెప్పినట్టే పెట్టి చూశాను. ఊరి దారికి రెండు అంకెల మధ్య చాలా తేడా చూపిస్తోంది, హైవేకి తక్కువే. బావకి చెప్తే ఎగిరి గంతేస్తాడు.

కోవూరు కుర్రోడు

అక్కా, ఏ రోడ్డు అని అందరూ కొట్టుకుంటున్నారు గానీ, ఎటు నుంచి వచ్చినా మా ఊరికి రావాలంటే పెన్న దాటాల్సిందే. మాకు అసలు గండం అదే. ఊళ్లో ఎంత తెలివిగా సందులు తిరిగొచ్చినా వంతెన దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకే వరసలో నిలబడాలి. పాత వంతెన మీద ఒక్క ఆటో టైరు పంక్చరైతే చాలు, వెనక ఎంత దూరం ఆగిపోతుందో నేను రోజూ చూస్తుంటా. పక్కకి తీయడానికి చోటుండదు. మా వాళ్లు బండి దిగి తలా ఒక చెయ్యి వేసి తోస్తారు, అదే మా ట్రాఫిక్ వ్యవస్థ.

అందుకని నేను అడిగేది ఒకటే. వంతెన మీద ఆగిపోయిందని తెలిస్తే, ఏ దారిలో ఎక్కడిదాకా వచ్చాక కూడా మనసు మార్చుకోవచ్చు?

పాత ఫియట్

అదీ ప్రశ్న. దానికి జవాబు నా వైపే ఉంది. ఊళ్లో అయితే అడుగడుక్కీ మలుపు దొరుకుతుంది. హైవే మీద చివరి దిగుడు దాటిపోయాక ముందు జామ్ అయితే ఎక్కడివాడు అక్కడే, వెనక్కి రాలేడు. రాంగ్ రూట్‌లో తిప్పుకొచ్చే ఘనులు ఉన్నారనుకోండి, వాళ్లని చూసి నేర్చుకోవద్దు.

పెన్నగట్టు

అడుగడుక్కీ మలుపు ఉంటుంది సరే, అది ఎక్కడికి తీసుకెళ్తుంది? ట్రంకు రోడ్డు మీద జామ్ చూసి హైవేకి తిప్పుకుందామంటే మధ్యలో రైలు పట్టాలు అడ్డం. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జో, ఇంకో అండర్ బ్రిడ్జో దిగాలి. ఇది నవంబరు. మనకి ఏడాది వానలో సింహభాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. రాత్రి ఓ గంట గట్టిగా కురిసిందంటే మాగుంట లేఅవుట్, ఆత్మకూరు బస్టాండు, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల సంగతి నెల్లూరు వాళ్లకి నేను చెప్పాలా?

మెకానిక్ మామ

అండర్ బ్రిడ్జి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి పోతాను. కొత్తగా నడిపేవాళ్లు సైలెన్సర్లోకి నీళ్లు పోతాయని భయపడతారు. అసలు ప్రమాదం ముందు వైపు ఉంటుంది. ఇంజిన్ గాలి పీల్చే గొట్టం నోరు చాలా కార్లలో గ్రిల్ వెనకాల, బానెట్ అంచు కిందే ఉంటుంది. ముందు పోయే బస్సు లేపిన అల వచ్చి గ్రిల్‌కి తగిలితే చాలు. నీళ్లు సిలిండర్లోకి చేరాయంటే, గాలిని నొక్కినట్టు నీళ్లని నొక్కడం పిస్టన్ వల్ల కాదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ తాళం తిప్పొద్దు, దిగి తోయించుకోండి. ‘ఒక్కసారి ట్రై చేద్దాం’ అని స్టార్ట్ కొట్టిన కారుకీ, కొట్టని కారుకీ మా దగ్గర బిల్లులో తేడా వేలల్లో ఉంటుంది.

అండర్ బ్రిడ్జి గోడ మీద పాత వానల మట్టి గీత ఉంటుంది. అడుగున రోడ్డు కనిపించకపోతే ఆ గీత చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. వెనక్కి తిప్పేయండి.

బస్సెక్కుదాం

ఎవరూ తిట్టనంటే ఒక మాట. నెల్లూరు నుంచి కోవూరుకి బస్సులకీ ఆటోలకీ కొదవేముంది? బుచ్చిరెడ్డిపాళెం వైపు పోయే బస్సు ఎక్కినా కోవూరులో దిగొచ్చు. పార్కింగ్ గొడవ లేదు, టెన్షన్ లేదు.

వేదాయపాళెం వాసి

తిట్టను గానీ, నాలుగు తాంబూలం పళ్లేలు, రెండు పూల బుట్టలు, నొప్పుల మోకాళ్లతో అవ్వ. మీరే ఎక్కించి చూపించండి.

సందుల సుబ్బయ్య

పెన్న మీది నెల్లూరు బ్యారేజీ రోడ్డు గురించి ఎవరూ అనరేం? 2022 సెప్టెంబరులో సంగం బ్యారేజీతో పాటు ప్రారంభించారు కదా. అదీ నెల్లూరు, కోవూరులని కలిపేదే.

కోవూరు కుర్రోడు

అన్నా, ఊరికి ఉత్తరాన ఉన్నవాళ్లకి అది పనికొస్తుంది. అక్క వాళ్లది వేదాయపాళెం, దక్షిణం కొస. బ్యారేజీ చేరాలన్నా ముందు ఊరంతా దాటాలి కదా. ఏ జామ్‌కి భయపడుతున్నారో అందులోంచే పోవాలి.

పాత ఫియట్

హైవే ప్రేమికులకి ఒక జ్ఞాపకం. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. విజయవాడ వైపు పోయే బస్సులు ఎక్కడివక్కడ ఆగాయి. హైవేకి ఏమీ కాదు అనేవాళ్లు అప్పుడెక్కడున్నారో.

పెన్నగట్టు

ఫియట్ గారూ, అంత వరదొస్తే నిశ్చితార్థమే వాయిదా పడుతుంది, ఇక ఏ దారైతేనేం?

లారీ అన్న

నేను ఈ హైవే మీద బండి తోలేవాణ్నే. రెండు పార్టీల వాళ్లూ లారీని భూతంలా చూపిస్తున్నారు కాబట్టి చెప్తున్నా. లోడు లారీ కుడి లేన్ పట్టుకుని కదలకపోవడం తప్పే, మావాళ్లలో చాలామందికి ఆ అలవాటుంది. అది చూసి ఎడమ వైపు నుంచి దూరొద్దమ్మా. మా ఎడమ పక్క, క్యాబిన్ తలుపు కింద ఉన్న కారు మాకు అద్దంలో కూడా సరిగ్గా కనపడదు. నీ అద్దంలో నా మొహం కనిపించట్లేదంటే నాకు నువ్వు కనిపించనట్టే. హారన్ కొట్టు, లైటు వెయ్యి, తప్పుకునేదాకా వెనకే ఉండు. ఈ కాస్త దూరంలో పోయే టైం ఎంత?

నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకి గరిష్ఠ వేగం 100 అని 2018లో కేంద్రం పెట్టింది. అంత పోయి తీరాలని ఎక్కడా లేదు. అరవైలో ఎడమ లేన్ పట్టుకుని పో, ఎవరూ ఏమనరు.

నన్నడిగితే లారీ కంటే ట్రాక్టర్‌తో జాగ్రత్త. వరిగడ్డి కట్టలు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వెనక లైటు ఉండదు. ఎర్ర రిఫ్లెక్టర్ ఉన్నా గడ్డి దాని మీదికి వేలాడుతుంటుంది. పైగా అర కిలోమీటరు చుట్టు తిరగడం ఎందుకని ఎదురుగా రాంగ్ రూట్‌లో వస్తాడు. పగలైతే దూరం నుంచే కనిపిస్తాడు. చీకటి పడ్డాక మాత్రం, దగ్గరికి వచ్చేదాకా కనిపించడు.

పాత ఫియట్

లారీ అన్న మాటతో నేను సగం దిగొస్తున్నాను. పోయేటప్పుడు పగలు, ఎడమ లేన్‌లో, వాన లేకపోతే హైవేకి నా అభ్యంతరం లేదు. వచ్చేటప్పుడు మాత్రం ఒప్పుకోను. భోజనాలు, మాటలు అయ్యి బయల్దేరేసరికి సాయంత్రం అవుతుంది. చీకట్లో లైటు లేని ట్రాక్టర్ వెనక ఈ అమ్మాయిని నేను ఊహించుకోలేను. ఆ వేళకి ఊళ్లోంచే రావాలి. ఆలస్యమైతే ఇంటికేగా వచ్చేది, ముహూర్తం ఏమీ లేదు.

పెన్నగట్టు

సాయంత్రం ఆరున్నరకి ట్రంకు రోడ్డు మీద! పెళ్లిళ్ల సీజన్‌లో! బట్టల కొట్ల ముందు! అంతకంటే మధ్యాహ్నం మూడింటికే అందరినీ లేవదీసి, హైవే మీదే వెలుగుండగా ఇల్లు చేరమనండి.

వేదాయపాళెం వాసి

పెన్నగట్టన్నా, మా మేనమామ ఇంటి నుంచి మా అమ్మని మూడింటికి లేవదీసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. మనసు మార్చుకునే చోటు ఏదన్న మాట ఆయనకి బాగా నచ్చింది. గురువారం ఏడున్నరకే బయల్దేరతాం. రాత్రి వాన పడినా పడకపోయినా అయ్యప్పగుడి దగ్గర హైవే ఎక్కి, అరవైలో ఎడమ లేన్. ఎక్కే ముందు ఒక నిమిషం పక్కకి ఆపి వంతెన సంగతి మ్యాప్‌లో చూడటం నాన్న పని, నేను ఫోన్ ముట్టను. తొందరగా చేరితే అవ్వ మామ ఇంట్లో మంచం మీద నడుం వాలుస్తుంది. వచ్చేటప్పుడు చీకటి పడితే ఊళ్లోంచి. బావకి సగమే గెలిచావని చెప్పాను, అలిగాడు.

పాత ఫియట్

ఎనిమిది లోపే పెన్న దాటేస్తారన్నమాట. ఆ టైముకైతే ఊళ్లోంచి పోయినా ఖాళీయే కదమ్మా!

పెన్నగట్టు

మళ్లీ మొదలెట్టారా సామీ.

లారీ అన్న

హైవే మీద బండికి ఏమైనా అయితే 1033కి కొట్టమ్మా, నేషనల్ హైవేల హెల్ప్‌లైన్ అది. ఆపాల్సి వస్తే పూర్తిగా ఎడమకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, పెద్దవాళ్లని కారులో ఉంచకుండా రెయిలింగ్ అవతల నిలబెట్టు.

కోవూరు కుర్రోడు

అక్కా, ఇంకోటి. ఊళ్లోకి వచ్చాక రోడ్డు అంచున ఎక్కడైనా వడ్లు ఆరబోసి ఉంటే వాటి మీదికి చక్రం ఎక్కించొద్దు. మేం వడ్లు పుట్లలో లెక్కేస్తాం, పుట్టి అంటే మాకు 850 కిలోలు, ఒక్కో గింజా లెక్కే. రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయంటే అక్కడ ఎవరో వడ్లు పోశారని అర్థం, కాస్త మధ్యకి జరిగి పోండి. మండపం ఏదో ఇక్కడ రాయొద్దు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. కారు ఎక్కడ పెడితే అవ్వకి మెట్లు తగ్గుతాయో చెప్తాను.