మా పేట జట్టు సెమీఫైనల్, ఆర్సెనల్ మ్యాచ్ ఒకే సాయంత్రం పడ్డాయి

కంచరపాలెం నాన్న:

అందరికీ నమస్కారం. విషయం చిన్నదే. మా ఇంట్లో మాత్రం పెద్దదై కూర్చుంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నాకు నలభై ఒకటి. 2003లో హాస్టల్ టీవీ గదిలో మొదటిసారి లండన్ ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్ ఆట చూశాను. రిమోటు సీనియర్ల చేతిలో ఉండేది. క్రికెట్ లేని శనివారం దొరికితేనే మాకు ఫుట్‌బాల్ ప్రాప్తం. ఆ సీజన్ ఇంగ్లండ్ లీగ్‌లో ఆర్సెనల్ 38 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు. 26 గెలిచింది, 12 డ్రా చేసుకుంది. మా ఫార్వర్డ్ హెన్రీ ఒక్కడే 30 గోల్స్ కొట్టాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి మొదటి ముద్దే నేతి ముద్ద పెడితే ఇక ఆ విస్తరి ముందు నుంచి లేస్తాడా? తర్వాత తెలిసింది ఆ వంట రోజూ ఉండదని. 2006లో పారిస్‌లో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. పద్దెనిమిదో నిమిషంలోనే మా గోల్‌కీపర్ లేమన్‌కు ఎర్రకార్డు. పదిమందితో ఆడుతూ కూడా కాంప్‌బెల్ తలతో కొట్టిన గోల్‌తో ముందుకు వెళ్లి, చివరి పావుగంటలో బార్సిలోనాకు రెండు గోల్స్ ఇచ్చి ఓడిపోయాం. మనకు అప్పటికి అర్ధరాత్రి రెండు దాటింది. తెల్లవారి రాసిన పరీక్ష సంగతి మార్కుల జాబితాలో ఉంది, మళ్లీ చెప్పను.

మా ఆవిడకు మొదటి నుంచీ నా మీద ఒక ఫిర్యాదు. ఆర్సెనల్ గెలిస్తే "మనం గెలిచాం" అంటానట, ఓడితే "వాళ్లు చెత్తగా ఆడారు" అంటానట. "మనం అంటే ఎవరెవరు? అందులో నేనూ ఉన్నానా? ఉంటే నాకు కనీసం ఒకసారి చెప్పాల్సింది" అంటుంది. నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు మావాడికి పదమూడు. మా పేట పిల్లల జట్టులో కుడివైపు డిఫెండర్. ఈ దసరా సెలవుల్లో చుట్టుపక్కల పేటల జట్లన్నీ కలిసి చిన్న టోర్నమెంటు పెట్టుకున్నాయి. మైదానం అంటే ఎర్రమట్టి నేల, ఒక మూల రాళ్లు తేలి ఉంటాయి. ఒకవైపు గోడ, ఇంకోవైపు గెడ్డ, అంటే వాగు. గోల్ పోస్టులు ఉన్నాయి, వలలు లేవు. కాబట్టి గోల్ పడిందా, పక్క నుంచి పోయిందా అన్న దాని మీద ప్రతి మ్యాచ్‌లో ఒక గొడవ ఖాయం.

రెండు వారాల కిందట లైన్ దగ్గర జెండా పట్టుకోవాల్సిన మనిషి రాలేదు. జట్టును చూసుకునే మాస్టారు రైల్వేలో రిటైరయినాయన. నన్ను చూసి "మీరు ఎప్పటి నుంచో ఫుట్‌బాల్ చూస్తారట కదా, పట్టుకోండి" అని కర్రకు కట్టిన ఎర్రగుడ్డ ముక్క చేతికిచ్చారు. ఇరవై రెండేళ్లుగా సోఫాలో కూర్చుని ఆఫ్‌సైడ్ (బంతి తన్నే క్షణానికి ఎదుటి జట్టులో చివరి నుంచి రెండో ఆటగాణ్ణి దాటి ముందు ఉండటం) తీర్పులు చెబుతున్నవాణ్ణి. టీవీలో గీతలు గీసి చూపిస్తే చంక దాటిందా మోకాలు దాటిందా అని వాదించినవాణ్ణి. ఒప్పుకున్నాను.

ఆట సగంలో ఎదుటి జట్టుకు కార్నర్ దొరికింది. వాళ్లంతా మా గోల్ ముందుకు వచ్చేశారు. మా గోలీ బంతిని పట్టుకుని బలంగా తన్నాడు. మధ్యగీతకు ఇవతల, అంటే మా సగంలోనే నిలబడి ఉన్న మా ఫార్వర్డ్ కుర్రాడు దాని వెంట పరుగెత్తాడు. ముందు ఒక్కడూ లేడు, ఖాళీ మైదానం. ఆ ఖాళీని చూడగానే నా చెయ్యి దానంతట అదే లేచింది. కుర్రాడు గోల్ కొట్టి చేతులు చాచుకుని వెనక్కి తిరిగేసరికి నా ఎర్రగుడ్డ గాలికి రెపరెపలాడుతోంది. రిఫరీ ఈల ఊదాడు. గోల్ రద్దు. మ్యాచ్ ఒకటికి ఒకటిగా ముగిసింది.

ఇంటికి వస్తుంటే బండి మీద వెనక నుంచి మావాడు ఒకే మాట అన్నాడు. "నాన్నా, బంతి తన్నినప్పుడు సొంత సగంలో ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ ఉండదు." నాకు తెలియదా? తెలుసు! రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ శనివారం సెమీఫైనల్, నాలుగున్నరకు. ఆర్సెనల్ మ్యాచ్ ఐదుకు. వాడు "వస్తే రా, కానీ జెండా పట్టుకోకు" అన్నాడు. నేను వెళ్లడం, వెళ్లకపోవడం ఒక్కటే కాదు నా ప్రశ్న. లండన్ గడప తొక్కని నేను ఇన్నేళ్లు "మనం, మనం" అనుకున్నది ఉత్తిదేనా? మీలో ఎవరైనా ఇలా రెండు పడవల మీద ఉన్నారా?

జ్ఞానాపురం పెద్దాయన:

బాబూ, జెండా విషయం చదివి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాను, ఏమీ అనుకోకు.

నాకు అరవై ఏడు. మా నాన్నగారు ఆట గురించి మాట్లాడితే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరే. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు వాళ్లదే. వాళ్ల కోచ్ రహీం సాబ్ భారత జట్టును 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకువెళ్లారు, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెప్పించారు. ఇదంతా మా నాన్నగారు "మనవాళ్లు" అనే చెప్పేవారు. ఆయన హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఇక్కడి నుంచి రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ హైదరాబాద్ రాదు. ఆయనకు అదీ దూరపు జట్టే. పేపర్లో నాలుగు లైన్లు వచ్చేవి, వాటితోనే వారం గడిపేవారు.

కాబట్టి దూరం నుంచి ఇష్టపడటం నీ తరంతో మొదలు కాలేదు. కానీ ఒకటి. అదే మా నాన్నగారు ఆదివారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని మా వీధి కుర్రాళ్ల ఆటకు వెళ్లేవారు. అక్కడ మాత్రం "మనవాళ్లు" అనేవారు కాదు, పేర్లు పెట్టి తిట్టేవారు. సెమీఫైనల్‌కు వెళ్లు.

ఎర్రచొక్కా, మద్దిలపాలెం:

అన్నా, ఉత్తిది ఎందుకవుతుంది? నేను ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ జట్టు మనిషిని. 2005 ఛాంపియన్స్ లీగ్ ఇస్తాంబుల్ ఫైనల్ రాత్రి నాకు పదిహేనేళ్లు. మనకు అర్ధరాత్రి దాటాక పావుగంటకు మొదలైంది. సగం ఆటకే మిలాన్‌ది 3, మాది 0. టీవీ కట్టేసి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. మంచినీళ్లకు లేచి, ఎందుకో శబ్దం లేకుండా మళ్లీ పెట్టాను. తెర మీద 3-2. కళ్లు నులుముకునేలోపు 3-3 అయింది. పెనాల్టీలు అయ్యేవరకు దిండు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను, నాన్న లేస్తారని. ఆ తర్వాత లీగ్ టైటిల్ కోసం 2020 దాకా చూశాను. ముప్పై ఏళ్ల కరువు అది, అందులో సగం నేనూ మోశాను. దాన్ని ఎవరైనా నకిలీ అంటే నాకు కోపం వస్తుంది.

మార్గశిర గురువారం బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర క్యూలో నిలబడేవాళ్లే తిరుపతికీ వెళ్తారు. తిరుపతిలో మీకు ఇల్లుందా అని వాళ్లను ఎవరూ అడగరు. రెండు మొక్కులూ చెల్లించుకో అన్నా. సెమీఫైనల్ అయ్యాక ఆర్సెనల్ మ్యాచ్ మొత్తం రాత్రికి చూసుకోవచ్చు. స్కోరు ఎవరూ చెప్పకుండా ఫోను ఆపేసుకుంటే చాలు.

ఉక్కునగరం సుధ:

ఎర్రచొక్కా గారూ, గుడి పోలిక బాగుంది కానీ ఒక తేడా ఉంది. అమ్మవారు ఊరు విడిచి వెళ్లరు.

2020 ఆగస్టు గుర్తుందా? మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐ-లీగ్‌లో కొత్త జట్టుకు అవకాశం ఇస్తూ భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ శ్రీనిధి పేరు ప్రకటించింది. పక్కన ఊరు పేరు విశాఖపట్నం! లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్న నేను ఆ వార్త మా కుటుంబం గ్రూపులో పెట్టి, ఇక మన ఊళ్లో పెద్ద మ్యాచ్‌లు చూస్తాం అని రాశాను. ఆ జట్టు శ్రీనిధి డెక్కన్ అయింది, మైదానం హైదరాబాద్‌లో. బాగా ఆడారు, కాదనను. మొదటి సీజన్‌లో మూడో స్థానం, తర్వాత రెండు సీజన్లూ రెండో స్థానం. నేను ఫోనులో చూశాను. అంటే మా ఊరి పేరుతో మొదలైన జట్టు కూడా నాకు ఆర్సెనల్ ఎంత దూరమో అంత దూరమే అయింది. హైదరాబాద్ వాళ్లను చూసి అసూయపడేలోపు వాళ్లకూ అదే జరిగింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు ఢిల్లీ జట్టు.

ఇది మన దగ్గరే కాదు. లండన్‌లో వింబుల్డన్ జట్టును 2003లో మిల్టన్ కీన్స్‌కు తీసుకుపోయారు. దాదాపు తొంభై కిలోమీటర్లు. వెళ్లడానికి అనుమతి వచ్చిన 2002లోనే అభిమానులు వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో ఆటగాళ్లను ఎంపిక చేసుకుని, అట్టడుగున తొమ్మిదో అంచె నుంచి కొత్త జట్టు మొదలుపెట్టారు. 2020లో తమ పాత వీధికి, ప్లౌ లేన్‌కు తిరిగి వచ్చారు. అసలు జట్టు ఏది అని వాళ్లను అడగండి చూద్దాం.

కంచరపాలెం నాన్న గారూ, మీ పేట జట్టును కొనేవాడు లేడు, ఎత్తుకుపోయేవాడు లేడు. వలలు లేని గోల్ పోస్టులు ఎవరికి కావాలి? నాకైతే ఆ ధైర్యమే చాలు. ఇంకో మాట, జెండా పట్టుకునేటప్పుడు బంతిని చూడకూడదు, చివరి నుంచి రెండో డిఫెండర్‌తో సమానంగా నడవాలి. బంతి తన్నిన చప్పుడు చెవితో వినాలి. నేను కాలేజీలో పట్టాను, అందుకే చెబుతున్నాను.

ఎర్రచొక్కా, మద్దిలపాలెం:

సుధ గారూ, చప్పుడు వినడం సంగతి ఇరవై ఏళ్లలో నాకు ఏ వ్యాఖ్యాతా చెప్పలేదు.

కంచరపాలెం నాన్న:

ఆదివారం ఉదయం రాస్తున్నాను. వెళ్లాను. జెండా పట్టుకోలేదు. మాస్టారు కూడా ఇవ్వలేదు, దాని పేరెత్తకుండా ఒక నవ్వు నవ్వారు.

ఓడిపోయాం, రెండు ఒకటి. కానీ ఆట గురించి కాదు చెప్పాలనుకున్నది. రెండో సగంలో ఒక క్లియరెన్స్ నేరుగా వెళ్లి గెడ్డలో పడింది. ఉన్నది ఒకే బంతి. రెండో బంతికి గాలి నిలవదు, మధ్యలో కుట్టు ఊడింది. ఇరవై రెండు మంది పిల్లలు గెడ్డ గట్టు మీద వరసగా నిలబడి కిందికి చూస్తున్నారు. రిఫరీ గడియారం ఆపాడు. ఎవరూ దిగరు, వాన పడి రెండు రోజులే అయింది, నీళ్లు నల్లగా కదులుతున్నాయి. నేను చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగాను. కాలు లోపలికి దిగబడింది. బంతి ఒక కొబ్బరి మట్టకు తట్టుకుని ఆగి ఉంది, లేకపోతే సముద్రానికి పోయేదే. పైకి విసిరాను. ఎదుటి పేట వాళ్ల పెద్దమనిషి ఒకాయన చెయ్యి అందించి పైకి లాగాడు. "ఎవరి నాన్న మీరు?" అని అడిగాడు. నాకు ఆ మైదానంలో ఉన్న పేరు అదే.

అదనంగా మూడు నిమిషాలు ఇచ్చారు, అది నా వల్లే. ఆ మూడు నిమిషాల్లోనే వాళ్లు రెండో గోల్ కొట్టారు, అదీ నా వల్లే అని మావాడు అంటున్నాడు. ఈసారి నవ్వుతూ అన్నాడు.

దారిలో ఇంటికి ఫోను చేశాను. మా ఆవిడ "ఏమైంది?" అంది. "మనం ఓడిపోయాం" అన్నాను. "ఏ మనం?" అంది. చెప్పాను. కాసేపు ఆగి "అయ్యో, వాడు ఏడ్చాడా?" అంది. ఇరవై ఏళ్లలో నా జట్టు ఓడితే ఆవిడ అయ్యో అనడం ఇదే మొదలు.

ఆర్సెనల్ మ్యాచ్ రాత్రి స్నానం చేశాక చూశాను. ఎర్రచొక్కా తమ్ముడి సలహా పాటించాను, స్కోరు తెలియనివ్వలేదు. పెద్దాయన గారూ, మీ నాన్నగారి లెక్క నాకు నచ్చింది. సుధ గారూ, చప్పుడు వినడం ఈ వారం ప్రాక్టీసులో గోడ పక్కన నిలబడి ప్రయత్నిస్తాను, ఎవరికీ చెప్పకుండా.

విశాఖలో ఎవరి దగ్గరైనా వాడని ఐదో నంబరు బంతి ఉంటే దయచేసి ఇక్కడ చెప్పండి. వచ్చి తీసుకువెళ్తాను. ఉన్న బంతిని సబ్బుతో మూడుసార్లు కడిగాం, గెడ్డ వాసన వదలడం లేదు.