పునరుత్థానం జరగకపోతే విశ్వాసంలో ఏం మిగులుతుంది? యూత్ స్టడీకి సలహా కావాలి

యూత్_స్టడీ (ప్రశ్న)

అందరికీ వందనాలు. ఈస్టర్‌కి ముందు ఇంటర్, డిగ్రీ పిల్లలతో గంటన్నర బైబిల్ స్టడీ పెట్టుకున్నాం. ప్రశ్నలు ముందే చీటీల మీద రాయించాం. ఎక్కువ మంది అడిగింది ఇది: యేసు బోధ గొప్పది, దాని ప్రకారం బతికితే సరిపోదా? ఆయన శరీరంతో లేచాడా లేదా అన్నది అంత ముఖ్యమా? ఇంకొందరు, సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీల పేర్లు నాలుగు సువార్తల్లో ఎందుకు కలవవు అని అడిగారు. ఒక చీటీలో పేరు లేదు. "నాకు నమ్మకం కుదరట్లేదు, అయినా చర్చికి రావచ్చా?" అని మాత్రం ఉంది. "నమ్మాలి అంతే" అని చెప్పి పంపించడం నాకిష్టం లేదు. ఏ వాక్యభాగంతో మొదలుపెట్టాలి? ఏ వాదనలు వాడకూడదు?

బెరయ_పాఠకుడు

బ్రదర్, సువార్తలతో కాకుండా 1 కొరింథీ 15తో మొదలుపెట్టండి. మన చేతిలో ఉన్న రాతల్లో పునరుత్థాన సాక్షుల గురించి వివరంగా చెప్పేవాటిలో అదే పాతది. పౌలు దాన్ని ఎఫెసులో ఉండి రాశాడు (16:8), సుమారు 53-55 మధ్య. 3వ వచనం దగ్గర పిల్లల్ని ఆపండి. "నాకియ్యబడిన ఉపదేశమును" మీకు అప్పగించాను అంటున్నాడు. అంటే ఆ మాటలు ఉత్తరం కంటే పాతవి. కొరింథులో వాటిని ఎప్పుడు చెప్పాడో కూడా దాదాపుగా తెలుసు. అపొస్తలుల కార్యములు 18:12లో గల్లియోను పేరు వస్తుంది. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి అతను కొరింథు ఉన్న అకయ ప్రాంతంలో రోమా అధికారిగా ఉన్నది 51-52 ప్రాంతంలో. అదే సమయంలో పౌలు కొరింథులో ఉన్నాడు. అంతకు చాలా ముందే యెరూషలేము వెళ్లి కేఫా (పేతురు) దగ్గర 15 రోజులు ఉన్నాడు, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశాడు (గలతీ 1:18-19). 1 కొరింథీ 15 జాబితాలో పేరుతో కనిపించే ఇద్దరూ వీళ్లే. యేసును సిలువ వేసింది 30లోనో 33లోనో అని పండితుల లెక్క. కాబట్టి ఇది తరాల తర్వాత అల్లుకున్న కథ అనడానికి కాలం చాలదు. దీంతో పునరుత్థానం రుజువైపోదు. "మెల్లమెల్లగా పుట్టిన పురాణం" అన్న వాదన మాత్రం నిలబడదు.

ఇక "బోధ చాలదా" అన్నదానికి జవాబు 14-19 వచనాల్లో పౌలే చెప్పాడు. క్రీస్తు లేవకపోతే ప్రకటన వ్యర్థం, విశ్వాసం వ్యర్థం, అపొస్తలులు దేవుని గురించి అబద్ధసాక్ష్యం చెప్పినవాళ్లు, మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారు, క్రీస్తునందు నిద్రించినవాళ్లు నశించారు. ఇవన్నీ బోర్డు మీద రాసి, ఒక్కొక్కటి ఎందుకు కూలుతుందో పిల్లలతోనే చెప్పించండి. తమ మతం ఏ ఒక్క సంఘటన జరగకపోతే కూలిపోతుందో ఇంత బాహాటంగా రాసిపెట్టినవాళ్లు అరుదు. నాకు పౌలు మీద గౌరవం పెరిగేది సరిగ్గా ఇక్కడే.

మధ్యలో ఒక మెట్టు ఉంది, చాలామంది దాన్ని దాటేస్తారు. మ్రానుమీద వేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రం (ద్వితీయో 21:23). యూదుల మహాసభ దేవదూషకుడంది, రోము సిలువ వేసింది. ఆ తీర్పు అలాగే ఉండిపోతే యేసు కూడా థూదా, గలిలయుడైన యూదా లాంటి విఫలమైన నాయకుల వరుసలో చేరతాడు. నాయకుడు చనిపోయాక వాళ్ల మనుషులు చెదిరిపోయారని మహాసభ సభ్యుడు గమలీయేలే చెప్పాడు (అపొ. కార్యములు 5:36-37). పునరుత్థానం అంటే దేవుడు ఆ తీర్పును కొట్టేయడం. రోమా 4:25 మన నీతిమంతత్వాన్ని ఆయన లేపబడటంతో ముడిపెట్టేది అందుకే. కొండమీది ప్రసంగం ఒక్కటే మిగిలితే గొప్ప బోధకుడు మిగులుతాడు గానీ పాపక్షమాపణకు ఆధారం మిగలదు.

సువార్త_పట్టిక

పేర్ల ప్రశ్నకు ఉపన్యాసం ఇవ్వకండి. పిల్లల చేత నాలుగు గళ్ల పట్టిక గీయించండి. మార్కు 16:1: మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే. మత్తయి 28:1: మగ్దలేనే మరియ, వేరొక మరియ. లూకా 24:10: మగ్దలేనే మరియ, యోహన్న, యాకోబు తల్లి మరియ, ఇంకా కొందరు స్త్రీలు. యోహాను 20:1లో మగ్దలేనే మరియ ఒక్కతే కనిపిస్తుంది. కానీ తర్వాతి వచనంలోనే ఆమె "ఎక్కడ ఉంచిరో యెరుగము" అంటుంది, పక్కన ఇంకెవరో ఉన్నట్టు. మగ్దలేనే మరియ నాలుగు గళ్లలోనూ ఉంది. సమాధి, ఆదివారం ఉదయం, తీసి ఉన్న రాయి, లోపల దేహం లేకపోవడం కూడా నాలుగింటిలోనూ ఉన్నాయి.

తేడాలన్నిటినీ ఒకే కథలో అతికించడానికి తంటాలు పడొద్దు. దూత ఒకరా ఇద్దరా అన్నది చిన్నది. అసలు కష్టమైనది వేరే: మత్తయిలో శిష్యులకు దర్శనం గలిలయలో, లూకాలో యెరూషలేములోనూ ఆ చుట్టుపక్కలా. రెండుచోట్లా కనిపించాడని యోహాను 20, 21 చదివితే అర్థమవుతుంది. అయినా లూకా కథనంలో గలిలయకు వెళ్లే సందు దొరకడం కష్టమే, ఆ మాట ఒప్పుకోండి. ఇంకోటి: మార్కు సువార్త 4వ శతాబ్దపు రెండు ప్రధాన ప్రతుల్లో, సీనాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ, 16:8 దగ్గరే ఆగిపోతుంది. 9-20 వచనాలు తర్వాత చేరాయని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. ఈ సంగతి మీ నోట వినకుండా యూట్యూబ్‌లో ఎవరో ఎగతాళిగా చెబితే విన్న పిల్లవాడు, మీరు దాచారనుకుంటాడు. నష్టం జరిగేది అక్కడ.

వాడకూడని వాదనలు అడిగారు. "రాయి రెండు టన్నులు" అన్నది సువార్తల్లో లేదు. మార్కు చాలా పెద్దదని చెప్పి ఆపాడు. ఇరవై మంది కూడా అతికష్టం మీద దొర్లించేంత రాయి అన్న మాట బెజా అనే పాత ప్రతిలో లూకా వచనానికి చేర్చింది. "సమాధిలో మడిచి ఉన్న రుమాలు అంటే యజమాని తిరిగి వస్తాడని యూదుల ఆచారం" అనే ఫార్వర్డ్‌ను పక్కన పెట్టేయండి, దానికి పాత యూదు ఆధారం ఏదీ చూపించరు. "500 మంది సాక్ష్యం" అనేటప్పుడు జాగ్రత్త. మన దగ్గర ఉన్నది 500 వాంగ్మూలాలు కాదు, 500 మందికి పైగా చూశారన్న పౌలు మాట ఒక్కటే. దాని బలమల్లా, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని ఆయన బహిరంగ ఉత్తరంలో రాయడంలో ఉంది.

"పన్నెండుమందీ హతసాక్షులయ్యారు" అని కూడా గంపగుత్తగా చెప్పొద్దు. జెబెదయి కుమారుడు యాకోబును హేరోదు చంపించాడని అపొ. కార్యములు 12:2 చెబుతోంది. ప్రభువు సహోదరుడు యాకోబును 62లో రాళ్లతో కొట్టి చంపించారని యూదు చరిత్రకారుడు యోసేపస్ రాశాడు. పేతురు, పౌలుల గురించి 1వ శతాబ్దం చివర రోము సంఘం కొరింథుకు రాసిన ఉత్తరంలో ఉంది. మిగతావాళ్లవి ఎక్కువగా తర్వాతి సంప్రదాయాలు. మైలాపూరులో తోమా హతసాక్ష్యం మనకు ప్రియమైనదే, కానీ సాక్ష్యంగా దాన్ని వీటితో సమానంగా నిలబెట్టకండి. ఉన్నవాటిలో ప్రభువు సహోదరుడు యాకోబుది చాలా బలమైనది. యేసు బతికున్నప్పుడు ఆయన సహోదరులు నమ్మలేదు (యోహాను 7:5), అలాంటి యాకోబే తర్వాత సాక్షుల జాబితాలో కనిపిస్తాడు.

యూత్_స్టడీ

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక చీటీలో "యేసు సిలువ మీద చనిపోలేదు, కాశ్మీర్ వచ్చాడంటారు కదా" అని కూడా ఉంది. ఇక ఆ పేరులేని చీటీ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

బెరయ_పాఠకుడు

కాశ్మీర్ వాదన 19వ శతాబ్దం చివర అహ్మదీయ ఉద్యమ స్థాపకుడు మీర్జా గులాం అహ్మద్ ప్రచారం చేసింది. శ్రీనగర్ ఖన్యార్‌లోని రోజాబల్ సమాధిని చూపిస్తారు. సంఘటనకు దాదాపు 1,850 ఏళ్ల తర్వాతి వాదన అని చెప్పి ముందుకు సాగండి. యేసు సిలువ మీద చనిపోలేదు, స్పృహతప్పి బతికాడన్న వాదనకు గట్టి దెబ్బ కొట్టింది జర్మన్ పండితుడు డేవిడ్ స్ట్రాస్. ఆయన కూడా పునరుత్థానాన్ని నమ్మనివాడే. కట్లు కట్టించుకుని కోలుకోవాల్సిన మనిషిని చూసి, మరణాన్ని జయించిన ప్రభువని శిష్యులు ఎలా అనుకుంటారని ఆయన ప్రశ్న. "సిలువ వేసినవాళ్లను సమాధి చేయనిచ్చేవారు కాదు" అని ఎవరైనా అంటే 1968లో యెరూషలేములో దొరికిన ఎముకల పెట్టె గురించి చెప్పండి. మడమ ఎముకలో మేకు అలాగే ఉంది. సాధారణంగా ఇవ్వకపోయినా, కొందరి దేహాలు బంధువులకు అందేవని అది చూపిస్తుంది.

మార్త_మాట

తమ్ముడూ, పేరులేని చీటీకి జవాబు అందరి ముందూ ఇవ్వండి, రాసిందెవరని మాత్రం వెతకొద్దు. మత్తయి 28:17 చదివించండి. లేచిన ప్రభువు ముందు నిలబడి మొక్కుతూ ఉండగానే "కొందరు సందేహించిరి". తర్వాతి వచనాల్లో ఆయన వాళ్లను పక్కకు తీయలేదు, ఉన్నవాళ్లందరికీ కలిపే ఆజ్ఞ ఇచ్చాడు. కొరింథులో మృతుల పునరుత్థానమే లేదన్నవాళ్లు సంఘంలో ఉన్నవాళ్లే (1 కొరింథీ 15:12). పౌలు వాళ్లతో గట్టిగా వాదించాడు, ఆ అధ్యాయాన్ని "నా ప్రియ సహోదరులారా" అంటూనే ముగించాడు.

గాయాలు చూస్తేనే నమ్ముతానన్న శిష్యుడు తోమాను తిట్టడానికి వాడకండి. అతను అడిగిన చేతులూ ప్రక్కా మిగతావాళ్లకు అప్పటికే చూపించినవే (యోహాను 20:20). ఎనిమిది దినాలైన తర్వాత కూడా అతను వాళ్లతోనే ఆ ఇంట్లో ఉన్నాడు. నమ్మనన్నాడని వాళ్లు వెళ్లగొట్టలేదు, అతనూ వెళ్లిపోలేదు. "రావచ్చా" అన్న ప్రశ్నకు అదే జవాబు.

అన్ని సందేహాలకూ మందు ఒకటి కాదు. గల్లియోను శాసనం కావాల్సిన పిల్లవాడు ఉంటాడు. ఈ మధ్యే అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్ల కూడా ఉండొచ్చు, ఆమెకు తేదీలు అక్కరకు రావు. ఈస్టర్ తెల్లవారుజామున మన ఊళ్లలో సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు కదా, ఆ పిల్ల మనసులో ప్రశ్న లేచేది అక్కడ. అలాంటివాళ్ల కోసం యోహాను 11 ఉంచుకోండి. చనిపోయిన తన సోదరుడు లాజరు అంత్యదినమున లేస్తాడని మార్తకు సిద్ధాంతం తెలుసు (11:24). యేసు ఆమెకు "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు, ఆ తర్వాత ఏడ్చాడు కూడా. ఓదార్చాల్సిన చోట వాదన పెడితే, వాదన సరైనదైనా ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు.

గంటన్నరలో 1 కొరింథీ 15కి అరగంట, పట్టికకు 25 నిమిషాలు, మత్తయి 28:17కీ తోమాకీ 20 నిమిషాలు ఇవ్వండి. చివరి పావుగంట ఖాళీగా వదలండి, ప్రశ్నలు అప్పుడే వస్తాయి. జవాబు తెలియనిదాన్ని రాసుకుని వచ్చే వారం చెబుతానని చెప్పి, తప్పకుండా చెప్పండి. ప్రార్థనలో "అనుమాన దయ్యాన్ని" గద్దించొద్దు. ఆ చీటీ రాసినవాళ్లు అది తమ గురించే అనుకుంటారు. దానికి బదులు మార్కు 9:24లో కొడుకు కోసం యేసును బతిమాలిన తండ్రి చేసిన ప్రార్థన అందరిచేతా చేయించండి: నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో సహాయం చెయ్యి. ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసంలో) పాలుపొందవచ్చా అని ఎవరైనా అడిగితే మీరు అక్కడికక్కడ తీర్పు చెప్పకండి. ఒక్కో సంఘానిది ఒక్కో నియమం. ముందే పాస్టర్ గారితో మాట్లాడి, ఆ పిల్లలతో విడిగా కూర్చోవడానికి ఆయన దగ్గర సమయం తీసుకుని ఉంచండి.