మేనేజర్ అయ్యాక మళ్లీ కోడ్‌కి వెళ్లడం డిమోషనా? యాప్‌లు చేసేవాళ్లు, వాడేవాళ్లు చెప్పండి

బాలాజీ కాలనీ వాసి (ప్రశ్న పెట్టినవారు):

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. పద్నాలుగేళ్లుగా బెంగళూరు కంపెనీల్లో పని చేస్తున్నాను. అన్నీ మామూలు జనం ఫోన్లో వాడుకునే యాప్‌లే. మొదట షాపింగ్ యాప్, తర్వాత డబ్బులు పంపుకునే యాప్. ఎనిమిదేళ్లు ఆండ్రాయిడ్ కోడ్ రాశాను, ఆరేళ్లుగా ఇంజనీరింగ్ మేనేజర్‌ని. ఇప్పుడు నెలలో సగం రోజులు ఇక్కడ ఇంటి నుంచే పని.

పోయిన నెల మా బాస్ పిలిచి రెండు దారులు చూపించారు. మళ్లీ కోడ్ రాసే ఇంజనీరుగా వెళ్లొచ్చు, జీతం తగ్గదు. మేనేజర్‌గానే ఉంటానంటే మాత్రం ఎనిమిది మంది బదులు పదహారు మందిని చూసుకోవాలి. నెలాఖరుకి చెప్పమన్నారు. నాన్నకు చెప్తే "ఉన్న మేనేజర్ పోస్టు ఎవరైనా వదులుకుంటారా?" అని ఒకటే దిగులు. ఆయన దృష్టిలో మేనేజర్ అంటే బ్యాంకు మేనేజర్. గది, గంట, గౌరవం.

నా మాట ముందే చెప్తాను. మేనేజర్ పని కోడ్ కన్నా పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. వేరే పని. అయితే జనం వాడే వస్తువు తయారయ్యే చోట ఆ పని ఎవరో ఒకరు మనసు పెట్టి చేయాల్సిందే.

ఒక సంగతి చెప్తాను. మూడేళ్ల కిందట మా టీమ్ డబ్బులు పంపే స్క్రీన్ మొత్తం మార్చింది. టెస్టులన్నీ పాసయ్యాయి. అలవాటుగా ముందు ఐదు శాతం మందికే అప్‌డేట్ వదిలాం. అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ పాలవాడికి డబ్బులు పంపబోయి "పంపు బటన్ ఏదిరా?" అని అడిగింది. చూస్తే నిజంగానే లేదు. అమ్మ కళ్లజోడు లేకుండా చదవడానికి ఫోన్లో అక్షరాల సైజు బాగా పెంచి పెట్టుకుంది. ఇంగ్లిష్‌లో ఒక లైన్లో పట్టే మాట తెలుగులో రెండు లైన్లయింది, బటన్ కీబోర్డు కిందికి పోయింది. మా టీమ్‌లో అందరివీ ఖరీదైన ఫోన్లు, ఇంగ్లిష్ సెట్టింగ్, చిన్న అక్షరాలు. ఎవరికీ కనపడలేదు.

వెంటనే ఫోన్ చేసి రిలీజ్ ఆపించాను. ప్లే స్టోర్‌లో ఆపడం అంటే కొత్తవాళ్లకు వెళ్లకుండా ఆపడమే. అప్పటికే వేసుకున్నవాళ్ల ఫోన్లోంచి వెనక్కి తీసుకోలేం, సరిచేసి ఇంకో వెర్షన్ పంపాల్సిందే. ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు. పెద్ద అక్షరాలు పెట్టుకునేవాళ్లంతా అమ్మ వయసువాళ్లే కదా.

ఆ రోజు నేను ఒక్క లైన్ కోడ్ రాయలేదు. అయినా నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదేననుకుంటాను. మీరేమంటారు?

తోతాపురి:

తమ్ముడూ, మాది చిత్తూరు. పద్దెనిమిదేళ్లుగా కోడే రాస్తున్నాను, మేనేజర్ పోస్టు రెండుసార్లు వద్దన్నాను. నువ్వు చెప్పిన కథలో తప్పు పట్టింది మేనేజర్ కాదు, మీ అమ్మగారు. నువ్వు ఇంజనీరుగా ఉండి ఇంటికొచ్చినా అదే కనపడేది.

ఇంకో మాట. లోకం ఎటు పోతోందో చూడు. 2023లో మెటా కంపెనీ మధ్యలో ఉన్న మేనేజర్లను చాలామందిని మళ్లీ ఇంజనీర్లుగా వెళ్లమంది. 2024 సెప్టెంబరులో అమెజాన్, మేనేజర్లతో పోలిస్తే పనిచేసేవాళ్ల నిష్పత్తి కనీసం 15 శాతం పెరగాలని తన విభాగాలకు చెప్పింది. మీ బాస్ అడిగింది కూడా ఆ గాలే. ఆరేళ్లు కోడ్‌కి దూరమైతే చేయి మొద్దుబారుతుంది. ఇంకో ఆరేళ్లయితే తిరిగి రావడం కష్టం. జీతం తగ్గకుండా వెనక్కి వచ్చే దారి దొరకడం అదృష్టం. పట్టుకో.

బాలాజీ కాలనీ వాసి:

అక్కా, చేయి మొద్దుబారుతుందన్నది నిజం, ఒప్పుకుంటాను. కానీ తప్పు పట్టింది అమ్మ అన్నారే, అక్కడ మాత్రం ఒప్పుకోలేను. బటన్ కనపడనివాళ్లు ఆ రోజు ఇంకెందరో ఉండి ఉంటారు. వాళ్ల మాట వినేవాడు, విన్నాక ఆపమనే అధికారం ఉన్నవాడు ఉండాలి. రిలీజ్ ఆపితే పైవాళ్లు అడుగుతారు, మార్కెటింగ్ వాళ్లు కోప్పడతారు. కోడ్ రాసిన కుర్రాడికి రెండేళ్ల అనుభవం. ఆ మాటలు వాడు పడకూడదు, నేను పడాలి.

మేనేజర్లు లేకుండా నడపడం కూడా ఒకరు చేసి చూశారు. 2002లో గూగుల్ ఇంజనీరింగ్‌లో మేనేజర్లను తీసేసింది. కొన్ని నెలలకే మళ్లీ పెట్టుకుంది. ఖర్చుల బిల్లులు, ఇద్దరి మధ్య గొడవలు అన్నీ నేరుగా పైవాళ్ల దగ్గరికే పోయాయి మరి. తర్వాత మంచి మేనేజర్ ఎలా ఉంటాడో వాళ్లే తమ కంపెనీలో లెక్కలు తీశారు. ఎనిమిది లక్షణాలు తేలాయి. మొదటిది మనుషులకు నేర్పించడం. సాంకేతిక జ్ఞానం కూడా అందులో ఉంది, కానీ చివర్న.

రేణిగుంట షిఫ్ట్:

అన్నా, నేను టీవీలు బిగించే ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌ని. మాకు యాప్‌ల సంగతి తెలీదు గానీ ఇది మాత్రం తెలుసు. స్క్రూ బిగించడం రాని సూపర్‌వైజర్‌ని లైన్‌లో ఎవరూ లెక్కచేయరు. నేను నెలకు ఒకరోజు లైన్‌లో కూర్చుంటాను. ఎక్కడ చేయి నొప్పి పుడుతుందో, ఎక్కడ స్క్రూ జారుతుందో అప్పుడే తెలుస్తుంది.

కాబట్టి రెండూ చేయొచ్చు. పదహారు మంది మాత్రం వద్దన్నా. నేను ఇరవై ఇద్దరిని చూస్తాను, అయితే వాళ్లందరిదీ ఒకే పని. మీవాళ్లు తలో పని చేస్తారు కదా.

కొర్లగుంట కొట్టు:

నాకు ఉద్యోగం విషయం తెలియదు. నాది కిరాణా కొట్టు, యాప్ వాడేదాన్ని, ఆ లెక్కన చెప్తాను. ఒకరోజు పొద్దున లేచి చూస్తే, ఎవరు డబ్బులు వేశారో చూసుకునే చోటు మారిపోయింది. ఎదురుగా నలుగురు నిలబడి ఉన్నారు. కొండకు పోయే తొందరలో ఉన్న భక్తులు. వేశామంటారు, నాకు కనపడదు. నమ్మి పంపించాను. సాయంత్రం చూస్తే ఒకరిది రాలేదు. నూట నలభై రూపాయలు.

మార్చిన బాబు మంచివాడే అయ్యుండొచ్చు. మార్చే ముందు మాలాంటి ఒక్క కొట్టులో గంట నిలబడి ఉంటే చాలు. ఆ నిలబడే పని మేనేజర్‌దా ఇంజనీరుదా మీరే తేల్చుకోండి, ఎవరో ఒకరు నిలబడండి.

తోతాపురి:

కొర్లగుంట అమ్మగారి మాట నాకు బాగా తగిలింది. నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కొట్టులో నిలబడలేదు. కూర్చున్న కుర్చీలోంచే అన్నీ తెలుసుననుకున్నాను.

2018 ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఐఫోన్‌లో మన తెలుగు 'జ్ఞా'ను ఒక పద్ధతిలో కూర్చి మెసేజ్ పంపితే యాప్ మూతపడిపోయేది. ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. అప్పుడు నేను సాంకేతిక కారణం ఒక్కటే చదివాను. ఒత్తు ఎలా కూర్చుకుంటుంది, కనపడని గుర్తు మధ్యలో ఎక్కడ పడింది అని. విడుదలకు ముందు తెలుగులో రాసి చూడమని అడిగే మనిషి ఎక్కడ ఉండాలి అన్నది ఆలోచించలేదు.

అయినా నా మాట మారలేదు తమ్ముడూ. పదహారు మంది మీద పడితే నువ్వు కొట్టులోనూ నిలబడలేవు, కోడూ చూడలేవు. పొద్దున్నుంచి రాత్రిదాకా మీటింగులే.

ఎస్వీయూ ఫైనల్ ఇయర్:

సార్, ఒక డౌట్. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో "ఐదేళ్లలో ఎక్కడ ఉంటావు" అంటే మేనేజర్ అనే చెప్పమని సీనియర్లు అంటున్నారు. నిజంగా అలాగే చెప్పాలా?

బాలాజీ కాలనీ వాసి:

వద్దు తమ్ముడూ. ఎలాంటి వస్తువు తయారు చేయాలని ఉందో అది చెప్పు. ముందు ఏడెనిమిదేళ్లు కోడ్ రాయి. నీ కోడ్ వల్ల ఎవరికైనా పని ఆగితే ఆ ఫిర్యాదు నువ్వే చదువు, ఇంకొకరికి వదిలేయకు.

ఇక నా సంగతి. అక్క, రేణిగుంట అన్న ఇద్దరూ పదహారు దగ్గరే ఆగారు, నాకూ గట్టిగా తగిలింది అదే. రాత్రి కూర్చుని లెక్క వేశాను. వారానికి ఒక్కొక్కరితో అరగంట మాట్లాడినా ఎనిమిది గంటలు, అంటే ఒక పూర్తి రోజు పోతుంది. అమ్మ ఫోన్ చూసే తీరిక నాకు ఉండదు.

సోమవారం బాస్‌తో మాట్లాడతాను. ఎనిమిది మందినే ఇవ్వండి, నెలకు రెండు రోజులు నేనే బగ్‌లు సరిచేస్తాను, ఒక రోజు టీమ్‌లో ఇద్దరిని తీసుకుని కొట్ల దగ్గర నిలబడతాను అని అడుగుతాను. కుదరదంటే ఇంజనీరుగానే వెళ్తాను. నాన్నకు నిన్న రాత్రే చెప్పేశాను. ఆయన ఇంకా మాట్లాడటం లేదు.

కొర్లగుంట అమ్మా, మీ కొట్టు ఎక్కడో చెప్తే మొదట అక్కడికే వస్తాం.

కొర్లగుంట కొట్టు:

ఇక్కడ వద్దులే బాబూ, విడిగా మెసేజ్ పెడతాను. పొద్దున ఏడింటికి రండి, రద్దీ అప్పుడే.