తుపాకీ స్పేర్ పార్టులు ఇంట్లో ఏళ్ల తరబడి దాచడం ఎలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈ దేశానికి కొత్తగా వచ్చాను. టార్గెట్ షూటింగ్ కోసం లైసెన్సు, కాగితాలు అన్నీ సరిచూసుకుని ఒక బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాను. అది పాత మోడల్, పార్టులు దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది. అందుకని ఒక స్పేర్ బోల్ట్ (తూటాని లోపలికి తోసి, వెనక నుంచి మూసే భాగం), ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే సూది), ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా తొడుగుని బయటికి లాగేది), కొన్ని స్ప్రింగులు, ఒక బ్యారెల్ ముందే తీసి పెట్టుకున్నాను. ప్రస్తుతం అన్నీ గరాజ్‌లో టూల్‌బాక్స్‌లో ఉన్నాయి. పదేళ్లయినా తుప్పు పట్టకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది.

జవాబు:

స్వాగతం అండీ. తుప్పు గురించి తర్వాత చెప్తాను. ముందు ఆ బోల్ట్‌ని ఈ రోజే టూల్‌బాక్స్‌లోంచి తీసి తాళం పడే చోట పెట్టండి. బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉన్న చాలామంది బోల్ట్ ఊడదీసి వేరే చోట దాచి, ఇక అది పేలదని నిశ్చింతగా ఉంటారు. మంచి పద్ధతే. కానీ అదే రైఫిల్‌కి సరిపోయే ఇంకో బోల్ట్ గరాజ్‌లో అందరికీ అందేలా ఉంటే ఆ జాగ్రత్తంతా వృథా. ఇంటికి తాళం వేసి, రెండో తాళంచెవి గుమ్మం ముందు పూలకుండీ కింద పెట్టినట్టు ఉంటుంది. పనిచెయ్యని తుపాకీని పనిచేయించేది స్పేర్ పార్టే. కాబట్టి బోల్ట్, ఫైరింగ్ పిన్, బ్యారెల్, ట్రిగ్గర్ భాగాలు అన్నిటికీ తుపాకీకి ఇచ్చినంత భద్రత ఇవ్వాలి. వీలుంటే రైఫిల్ ఉన్న సేఫ్‌లో కాకుండా, గోడకో నేలకో గట్టిగా బిగించిన ఇంకో చిన్న లాకర్‌లో పెట్టండి. తూటాలు మూడో చోట, వాటికీ తాళం ఉండాలి.

చట్టం కూడా ఒకసారి చూసుకోండి. అమెరికా ఫెడరల్ చట్టంలో ఫ్రేమ్ గానీ రిసీవర్ గానీ (మిగతా పార్టులన్నీ బిగించే అసలు భాగం) విడిగా ఉన్నా తుపాకీ కిందే లెక్క. మామూలు బ్యారెల్‌కీ స్ప్రింగులకీ ఆ లెక్క లేదు, అయితే రాష్ట్రాల రూల్స్ వేరుగా ఉండొచ్చు. బ్రిటన్‌లో 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం రైఫిల్ బ్యారెల్, బోల్ట్ కూడా సర్టిఫికెట్ ఉంటేనే ఇంట్లో పెట్టుకోవాలి. ఇది చదువుతున్న కొత్తవాళ్లకి ఇంకో మాట: అమెరికాలో హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. స్నేహితుడు ఇచ్చాడని ఒక రిసీవర్ అల్మరాలో పెట్టుకున్నా ఇబ్బందే. లాయర్‌ని అడగకుండా ఆ జోలికి వెళ్లొద్దు.

ఇక తుప్పు. గరాజ్, అటక రెండూ పార్టులకు పనికిరావు. అక్కడ పగలు వేడి, రాత్రి చలి. చల్లబడిన ఉక్కు మీద గాలిలోని తేమ నీటి చుక్కలుగా పేరుకుంటుంది. ఇంట్లో మనుషులు మసిలే గదిలో, బయటి గోడకు ఆనించకుండా పెట్టండి. తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి లాకర్‌లో వెయ్యండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే హాయి. 60 దాటితే ఉక్కు తుప్పు పట్టడం బాగా వేగమవుతుంది. కొన్ని సేఫ్‌లకి అగ్ని రక్షణ కోసం లోపల జిప్సం పలకలు వేస్తారు, వాటిలోనే తేమ ఉంటుంది. కాబట్టి తలుపు మూశాం కదా అని వదిలెయ్యకండి. సిలికా జెల్ పెట్టండి. రంగు మారగానే ప్యాకెట్ మీద రాసిన వేడికి మించకుండా ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు.

పార్టు పెట్టే ముందు శుభ్రం చెయ్యడం అన్నిటికన్నా ముఖ్యం. మురికి మీద నూనె రాస్తే మురికిని కూడా దాచిపెట్టినట్టే. పాత మసి, పాత గ్రీజు సాల్వెంట్‌తో పూర్తిగా తీసి, బాగా ఆరనిచ్చి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని పల్చగా తుప్పు నిరోధక నూనె రాయండి. వట్టి చేతితో పట్టుకుంటే చెమటలోని ఉప్పు అంటుకుని, కొన్నాళ్లకి వేలిముద్ర ఆకారంలోనే తుప్పు కనిపిస్తుంది. డబ్ల్యూడీ-40 మామూలు రకం తడిని తరిమేయడానికి బాగుంటుంది, ఏళ్ల తరబడి కాపాడటానికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. చాలా ఏళ్లు ముట్టుకోని పార్టుకి కాస్మొలిన్ లాంటి చిక్కటి గ్రీజు మంచిది. సైన్యాలు రైఫిళ్లని దశాబ్దాల పాటు గిడ్డంగుల్లో దాచింది దానితోనే. తియ్యడం మాత్రం ఓపిక పని.

నూనె రాశాక వీసీఐ కాగితంలో (తుప్పుని ఆపే ఆవిరి వదిలే కాగితం) చుట్టి, వీసీఐ సంచిలోనే పెట్టి మూతి మూసెయ్యండి. దాన్నుంచి వచ్చే ఆవిరి లోహం మీద పల్చని పొరగా నిలిచి తుప్పుని ఆపుతుంది. సంచి తెరిచి ఉంటే ఆవిరి పోయి ఊరికే కాగితం మిగులుతుంది. దానికీ గడువు ఉంటుంది, కంపెనీ చెప్పిన సమయానికి మార్చండి. స్పాంజి పరిచిన పెట్టెలు, తోలు సంచులు దూరంగా పెట్టండి. స్పాంజి తడిని పట్టి ఉంచుతుంది, తోలు పదును చెయ్యడానికి వాడే రసాయనాలు లోహాన్ని తింటాయి.

స్ప్రింగులు నొక్కిపెట్టకుండా వదులుగా ఉంచండి. రబ్బరు రింగులకీ ప్లాస్టిక్ భాగాలకీ నూనె, సాల్వెంట్ తగలనివ్వకుండా వేరే సంచిలో, ఎండా వేడీ లేని చోట పెట్టండి. బ్యారెల్ గొట్టం లోపల కూడా నూనె రాయాలి. కానీ దానికి ఒక చీటీ కట్టి "లోపల నూనె ఉంది, తుడవకుండా కాల్చవద్దు" అని పెద్దగా రాయండి. గొట్టంలో గ్రీజు గడ్డగా ఉండగా పేలిస్తే ఒత్తిడి పెరిగి బ్యారెల్ పగలొచ్చు. కొన్నేళ్ల తర్వాత మీకే గుర్తుండదు.

ప్రతి సంచి మీద పార్టు పేరు, మోడల్, పెట్టిన తేదీ రాయండి. ఆరు నెలలకోసారి ఒక్కో సంచిని పైనుంచే చూసి, అనుమానం ఉన్నదే తెరవండి. చలికాలంలో బయటి చలి నుంచి తెచ్చిన పార్టుని సంచిలోనే ఉంచి, గది వేడికి వచ్చాకే విప్పండి. అవసరం వచ్చినప్పుడు ఆ స్పేర్ బోల్ట్‌ని మీ అంతట మీరు వేసి కాల్చెయ్యకండి. బోల్ట్, బ్యారెల్ మధ్య హెడ్‌స్పేస్ (తూటా కూర్చునే చోటు కొలత) సరిపోయిందో లేదో గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసేవాళ్లు) గేజ్ పెట్టి చూడాలి. సరిపోకపోతే తూటా తొడుగు పగిలి వేడి గ్యాస్ వెనక్కి, మొహం మీదికి వస్తుంది.

ఇంకొకరి జవాబు:

బాబూ, అన్నగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. వాడిన పార్టుల మీద సీసం పొడి ఉంటుంది. వంటింటి బల్ల మీద, పాప ఆడుకునే చోట వాటిని విప్పొద్దు, తుడవొద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో, ఆ గుడ్డలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు. చిన్న స్ప్రింగులు, పిన్నులు పిల్లలు నోట్లో పెట్టుకునే సైజులో ఉంటాయి. ఒకటి కింద పడితే దొరికేదాకా వెతుకు. లాకర్ నంబరుగా పాప పుట్టినరోజు పెట్టొద్దు, అది ఇంటికి వచ్చే చుట్టాలందరికీ తెలుసు. ఇంట్లో ఇంకో పెద్దవాళ్లకి చట్టప్రకారం అనుమతి ఉంటేనే తాళం సంగతి చెప్పు. లేకపోతే నీకేమైనా అయితే ఎవరిని పిలవాలో కాగితం మీద రాసి వాళ్లకివ్వు.

ప్రశ్న:

అన్నగారూ, అక్కా, చాలా థాంక్స్. లాకర్ ఆర్డర్ పెట్టాను, బోల్ట్ ఇప్పటికి రైఫిల్ సేఫ్‌లోకి మార్చాను. ఇంకొక్కటి. సెలవులకి ఇండియా వెళ్తున్నాం. మా బాబాయికి లైసెన్సు రైఫిల్ ఉంది, ఒక స్ప్రింగుల సెట్టు చెక్ ఇన్ బ్యాగులో తీసుకెళ్లొచ్చా?

జవాబు:

వద్దు. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం 'ఆయుధం' అన్న నిర్వచనంలోనే విడిభాగాలనీ కలిపింది. బాబాయికి లైసెన్సు ఉన్నంత మాత్రాన మీరు తేవడానికి అనుమతి ఉన్నట్టు కాదు, దిగుమతికి వేరే లైసెన్సు కావాలి. ఇక్కడి నుంచి బయటికి పంపడానికీ ఎగుమతి రూల్స్ ఉంటాయి. ఆయనకి కావాల్సింది అక్కడి లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే తీసుకోమనండి.

షూటింగ్ రేంజికి తీసుకెళ్లే బ్యాగుని ప్రయాణానికి అస్సలు వాడకండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటాతో ఇండియా ఎయిర్‌పోర్టులో కేసులో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. మీరు లేనప్పుడు లాకర్‌లో కరెంటు మీద నడిచే, తేమ తగ్గించే డీహ్యుమిడిఫైయర్ రాడ్డు ఉంటే దాని స్విచ్ ఆపకండి. సిలికా జెల్ కొత్తగా ఆరబెట్టి వెయ్యండి. లాకర్ తాళంచెవి పక్కింటివాళ్లకి ఇచ్చే ఇంటి తాళాల గుత్తిలో ఉండకూడదు.