షేర్డ్ ఫోల్డర్ తెరిస్తే గెస్ట్ యాక్సెస్ బ్లాక్ అంటోంది, పాస్‌వర్డ్ మాత్రం అడగడం లేదు

ఆఫీసులో నా కంప్యూటర్ విండోస్ 11 ప్రో. మొన్న సోమవారం 24హెచ్2 అప్‌డేట్ పడింది. అప్పటి నుంచి నాస్ బాక్సు (ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరి ఫైళ్లు దాచే స్టోరేజ్ పెట్టె)లోని షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. పక్క సీట్లలోని రెండు విండోస్ 10 సిస్టమ్స్‌లో అదే ఫోల్డర్ హాయిగా తెరుచుకుంటోంది, కాబట్టి కేబుల్, స్విచ్ జోలికి వెళ్లలేదు. పింగ్ కూడా వస్తోంది.

ఎర్రర్ సారాంశం ఇది: మీ సంస్థ సెక్యూరిటీ పాలసీ గెస్ట్ యాక్సెస్‌ను (అకౌంట్, పాస్‌వర్డ్ లేకుండా వెళ్లడాన్ని) అడ్డుకుంటోంది. మాకు అలాంటి పాలసీ పెట్టేవాళ్లే లేరు!

నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా మార్చాను, నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేశాను, ఫైర్‌వాల్ ఐదు నిమిషాలు ఆపి చూశాను. ఫలితం లేదు. గ్రూప్ పాలసీలో ఇన్‌సెక్యూర్ గెస్ట్ లాగాన్స్ ఎనేబుల్ చేస్తే ఆ ఎర్రర్ పోయి, క్రిప్టోగ్రాఫిక్ సిగ్నేచర్ చెల్లదని ఇంకొకటి వచ్చింది. ఈ వెర్షన్‌లో ఎస్‌ఎంబీ (విండోస్ ఫోల్డర్లు షేర్ చేసుకునే పద్ధతి) సైనింగ్, అంటే వచ్చే పోయే డేటాకు డిజిటల్ సంతకం, తప్పనిసరి అట, గెస్ట్‌గా వెళ్తే సైనింగ్ కుదరదట. సైనింగ్‌ను ఆపేయమని చాలామంది చెబుతున్నారు కానీ నాకు ధైర్యం చాలడం లేదు. గెస్ట్ లాగాన్స్ పాలసీని మళ్లీ పాత స్థితికి తెచ్చేశాను.

చివరికి నాస్‌లో నా పేరుతో యూజర్ అకౌంట్, పాస్‌వర్డ్ పెట్టి, ఫోల్డర్‌కు రీడ్, రైట్ అనుమతి ఇచ్చాను. విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ వివరాలను నాస్ పేరుతో సేవ్ చేసి, రీస్టార్ట్ కూడా చేశాను. నేను ఫోల్డర్ తెరిచేది మాత్రం ఐపీ అడ్రస్‌తో. అయినా పాస్‌వర్డ్ అడగకుండా అదే మొదటి ఎర్రర్.

సైనింగ్ ఆపకుండా, విండోస్ గెస్ట్‌గా కాక నేను పెట్టిన అకౌంట్‌తోనే లాగిన్ అయ్యేలా చేయాలంటే ఏ సెట్టింగ్ మార్చాలి?