అప్‌డేట్: క్యాన్సర్ చికిత్స తర్వాత అమ్మకు నిద్ర పట్టకపోవడం

రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయి, స్కాన్లన్నీ బాగున్నా అమ్మకు రాత్రుళ్లు నిద్ర ఉండట్లేదని, పగలంతా నీరసమని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "నిద్రమాత్రలకంటే ముందు సైకాలజిస్టును కలవండి" అన్న సలహాయే పనిచేసింది. "నాకేమైనా పిచ్చా?" అని అమ్మ మొదట మొండికేసింది, అది వేరే సంగతి.

వైజాగ్‌లోనే చూపించాం. సైకాలజిస్టు ముందు నిద్ర డైరీ రాయించారు. కీమో రోజుల్లో ఓపిక లేక తొమ్మిదికే పడుకోవడం, మధ్యాహ్నం కునుకు, అర్ధరాత్రి పదేపదే టైమ్ చూసుకోవడం... కీమో అయిపోయినా ఇవి పోలేదని అందులో తేలింది. ఇలాంటి అలవాట్లను మార్చి నిద్రలేమిని తగ్గించే ప్రవర్తనా చికిత్సను సీబీటీ-ఐ అంటారు. వయోజనుల దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇదే చేయాలని అమెరికా డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది.

ఈ చికిత్సలో అమ్మకు పెట్టిన రూలు: రాత్రి పదకొండున్నర దాకా మంచం ఎక్కకూడదు, పొద్దున ఐదున్నరకు లేచిపోవాలి. నిద్ర రాకపోతే హాల్లోకి వచ్చి కూర్చోవాలి. మొదట్లో నరకమే. సీరియల్ చూస్తూ సోఫాలో తూలిపోయేది, లేపితే నామీద కస్సుమనేది. నిద్ర గట్టిపడే కొద్దీ మంచం మీద ఉండే సమయాన్ని పావుగంట చొప్పున పెంచారు. ఇప్పుడు పొద్దున్నే నాన్నతో ఆర్కే బీచ్‌లో నడుస్తోంది, నీరసం కూడా బాగా తగ్గింది.

థైరాయిడ్, ఐరన్ పరీక్షలు నార్మల్. నిద్ర కోసమని కొన్న కొత్త పరుపు దండగే. రొమ్ము క్యాన్సర్ మళ్లీ రాకుండా వాడే టామాక్సిఫెన్ మాత్రల వల్ల వచ్చే ఒంటి ఆవిర్లు మాత్రం ఇంకా ఉన్నాయి, వాటి సంగతి క్యాన్సర్ డాక్టరుగారే చూస్తున్నారు. మూర్ఛవ్యాధి (ఫిట్స్) ఉన్నవాళ్లు ఇలా మంచం మీద ఉండే సమయం తగ్గించే పద్ధతిని సొంతంగా మొదలుపెట్టకండి.