‘సెట్’ అనే మాటను మా మేనకోడలికి ఎలా చెప్పాలి?

నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. ఏడో తరగతి చదివే మా మేనకోడలికి సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుంటాను. మొన్న ‘ద సన్ సెట్స్’ అని వస్తే అస్తమించడం అని చెప్పాను. ఆ వెంటనే ‘సిమెంట్ సెట్స్’ వచ్చింది, అక్కడ గట్టిపడడం. పెరుగు తోడుకున్నా సెట్టే, అలారం పెట్టినా సెట్టే, లెక్కల్లో సమితీ సెట్టే. పిల్ల పెన్సిల్ కింద పెట్టేసి, "ఒక్క మాటకి ఇన్ని అర్థాలేటి మావయ్యా?" అంది.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 నాటి 20 సంపుటాల ముద్రణలో అన్నిటికన్నా పొడవైన వివరణ ఈ మాటదే. అదంతా బట్టీ పట్టించలేను కదా!

మన ‘పట్టు’ గుర్తొచ్చింది. నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది. ఇవి మనకెవరూ నేర్పలేదు. ‘ద రెయిన్స్ హావ్ సెట్ ఇన్’ అంటే వానలు పట్టుకున్నాయి అని చెప్పగానే పిల్ల ముఖం వెలిగింది. కానీ ‘సెట్ ఆఫ్’, ‘సెట్ అప్’ దగ్గర మళ్లీ ఆగిపోయాం.

‘ఒకచోట కుదర్చడం’ అనే మూలార్థం పట్టుకుని మిగతావి అల్లుకుంటూ పోవచ్చా? సమితి అనే సెట్ పాత ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే మాట కాబట్టి దాన్ని పక్కన పెడతాను. లేక అర్థాలు వదిలేసి, రోజుకో వాక్యం చొప్పున వాడించడమే మేలా? పిల్లలకు చెప్పిన అనుభవం ఉన్నవారు దయచేసి మీరు ఎలా మొదలుపెట్టారో రాయండి.